టోక్యో లెక్కలు, ఆరంగ్ పొలాలు

సెల్‌ఫోను టవర్‌కు దూరమయ్యేకొద్దీ సిగ్నల్ ఎంత సన్నగిల్లుతుందో ముందుగా లెక్కగట్టడానికి ప్రపంచంలోని ఇంజనీర్లు దశాబ్దాల పాటు టోక్యో నగరం మీద ఆధారపడ్డారు. యోషిహిసా ఒకుమురా బృందం 1960లలో టోక్యోలోనూ ఆ చుట్టుపక్కలా తిరిగి కొలిచిన వివరాలను 1968లో రేఖాపటాలుగా ప్రచురించింది. 1980లో మసహారు హతా వాటిని చేతిలో ఇమిడే సూత్రాలుగా కుదించాడు. నగరానికో లెక్క, శివారుకో సవరణ, బయలు నేలకో సవరణ. మంచి పనే. కానీ కొలతలు ఒక ఊరివి, వాడకం అన్ని ఊళ్లదీ అయింది. 2017లో న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ మెకార్ట్నీ, థియోడర్ రాపపోర్ట్ మొబైల్ ప్రమాణాల్లో పల్లెటూళ్ల కోసమని రాసిపెట్టిన సూత్రం పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీశారు. దాని వేళ్లు కూడా టోక్యో నడిబొడ్డున చేసిన కొలతల్లోనే తేలాయి.

ఆ సూత్రాన్ని తెచ్చి ఛత్తీస్‌గఢ్‌లోని ఆరంగ్‌లో పెట్టి చూద్దాం. రాయపూర్‌కు తూర్పున సుమారు 35 కి.మీ. దూరంలో, మహానదికి దగ్గరగా, 53వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న పాత ఊరు ఇది. బాండ్ దేవల్ అనే జైన ఆలయం వల్ల చరిత్రకారులకు పరిచయం. విశాఖపట్నం నుంచి రాయపూర్ వెళ్లే తెలుగువాళ్లకు ‘ఆరంగ్ మహానది’ అన్న స్టేషను బోర్డుగా పరిచయం. చుట్టూ బల్లపరుపుగా పరుచుకున్న వరి పొలాలు, వాటి మధ్య దూరదూరంగా ఊళ్లు. పడమటి వైపున నవా రాయపూర్ అనే కొత్త రాజధాని కాంక్రీటుతో లేస్తోంది. ఇరుకు సందులు, లారీలు పరుగెత్తే రహదారి, రైలు పట్టాలు, బురద పొలం, పది అంతస్తుల భవనం — ఇవన్నీ ఒకే ప్రాంతంలో ఉన్నాయి. టెలికం శాఖ లెక్కలో మాత్రం ఇదంతా మధ్యప్రదేశ్ సర్కిల్‌లో ఒక భాగం. ఇండోర్, భోపాల్ నగరాల సగటులో కలిసిపోయే చిన్న ముక్క.

అరువు లెక్కతో మన దేశం ఒకసారి అంతర్జాతీయ వేదిక మీదే తగవు పెట్టుకుంది. 5జి సాంకేతికత పల్లెల్లో పనికొస్తుందో లేదో తేల్చే పరీక్షల్లో అంతర్జాతీయ టెలికం సమాఖ్య టవర్ల మధ్య దూరాన్ని 1,732 మీటర్లుగా పెట్టుకుంది. మా పల్లెల్లో టవర్లు అంత దగ్గరగా ఉండవు, ఫోను పట్టుకున్నవాడు కారులో దూసుకుపోడు, పొలం గట్టు మీద నడుస్తుంటాడు అన్నది మనవాళ్ల వాదన. టవర్ల మధ్య 6 కి.మీ. దూరం, ఎక్కువమంది నడక వేగంతోనే కదలడం అనే షరతులతో ‘తక్కువ కదలిక, పెద్ద సెల్’ పరీక్షను 2017లో ఆ జాబితాలో చేర్పించారు. దాని వెనుక గట్టిగా పనిచేసినవారిలో ఐఐటి హైదరాబాద్‌లోని ఆచార్య కిరణ్ కూచి బృందం ఉంది. ఆ పరీక్ష నెగ్గేలా దిద్దిన 5జిఐ ప్రమాణానికి 2021లో సమాఖ్య ఆమోదం దొరికింది. తర్వాత అది 3జిపిపి అనే ప్రపంచ ప్రమాణాల సంస్థ పత్రాల్లో కలిసిపోయింది. దేశీయ ప్రమాణం విడిగా నిలబడనందుకు కొందరు నొచ్చుకున్నారు గానీ, 6 కి.మీ. అన్న అంకె ఆ జాబితాలోకి ఎక్కడమే ఆ తగవులో అసలు గెలుపని నేననుకుంటాను.

ఇప్పుడు ఆ పాత సూత్రాలు చేసే పనిని ఒక్కొక్కటిగా మెషీన్ లెర్నింగ్ మోడళ్లకు అప్పగిస్తున్నారు. సూత్రంలో నాలుగైదు అంకెలుంటాయి, తప్పయితే పట్టుకుని దిద్దవచ్చు. మోడల్‌లో లక్షల అంకెలుంటాయి. అవి ఏ ఊరి కొలతల నుంచి పుట్టాయో చూసి చెప్పలేం. ఒకుమురా నాటి జబ్బు ఇందులోనూ ఉంది, కనిపించకుండా ఉంది. దీనికి మందుగా ఎక్కువమంది చెప్పేది ఇంకా పెద్ద మోడల్, ఇంకా చురుగ్గా నేర్చుకునే మోడల్. ఆ దారిన కొంత మేలున్నా, మోడల్ ఎంత తెలివైనదన్నది రెండో ప్రశ్నే. దాని చుట్టూ ఉన్న పరిస్థితి ఏ వేగంతో మారుతోంది, ఆ మార్పును పట్టుకోవడానికి చాలినన్ని కొలతలు ఆ గడువులోగా దొరుకుతాయా అన్నది మొదటి ప్రశ్న. ఆరంగ్ లాంటి చోట ఈ మొదటి ప్రశ్నకు జవాబు చాలాసార్లు ‘దొరకవు’ అనే వస్తుంది. అక్కడి నుంచి మొదలుపెట్టి మోడల్‌ను కట్టుకోవాలి.

ముందు వేగాల సంగతి. టవర్ ఒక్కో ఫోనుకు డేటాను ఎంత గట్టిగా కుక్కి పంపాలో అనుక్షణం తేల్చుకోవాలి. అతిగా కుక్కితే ఫోను చదువుకోలేదు, మళ్లీ పంపాలి. మరీ వదులుగా పంపితే దక్కాల్సిన వేగం దక్కదు. అందుకే ఫోను తనకు సిగ్నల్ ఏ తీరుగా అందుతోందో 0 నుంచి 15 లోపు ఒక అంకెగా టవర్‌కు చెబుతుంటుంది. ఆ కబురు పాతబడడానికి ఎంతసేపు పడుతుందన్నది ఫోను కదిలే వేగాన్నీ, తరంగదైర్ఘ్యాన్నీ బట్టి ఉంటుంది. 700 మెగాహెర్ట్జ్ తరంగం సుమారు 43 సెం.మీ. పొడవు, దాని మీద మాట్లాడుతూ గంటకు 3 కి.మీ. చొప్పున నడిచే మనిషికి ఛానల్, అంటే టవర్‌కూ ఫోనుకూ మధ్య తరంగం వచ్చే దారి, దాదాపు 0.2 సెకను దాకా ఒకే తీరుగా ఉంటుంది. 3.5 గిగాహెర్ట్జ్ తరంగం 8.6 సెం.మీ. మాత్రమే. ఆ తరంగం మీద పనిచేసే ఫోనుతో గంటకు 130 కి.మీ. వేగంతో పోయే రైల్లో కూర్చున్నవాడికి ఒక మిల్లీసెకనులోనే ఛానల్ మారిపోతుంది. ఇద్దరూ ఆరంగ్ దగ్గర ఒకే టవర్ నీడలో ఉండవచ్చు, ఇద్దరి గడువులకూ తేడా 200 రెట్లు. దీనికి పైన గంటలవారీగా మారే రద్దీ ఉంది, పొరుగు టవర్ల జోక్యం ఉంది. ఇంకా పైన ఋతువులున్నాయి. అన్నిటికన్నా నెమ్మదిగా, ఏళ్ల మీద నవా రాయపూర్‌లో భవనాలు లేస్తాయి. ‘మారుతున్న పరిస్థితి’ అని మనం ఏకవచనంలో అంటాం గానీ, అవి నాలుగైదు గడియారాల మీద నడుస్తున్న వేరువేరు మార్పులు.

ఋతువు సంగతి కాస్త విడమరచి చూడాలి, ఛత్తీస్‌గఢ్‌లో అది అలంకారం కాదు కాబట్టి. టవర్ నుంచి ఫోనుకు సిగ్నల్ నేరుగా ఒక దారిలో వస్తుంది, నేలను తాకి పైకెగిరి ఇంకో దారిలో వస్తుంది. రెండూ కలిసినప్పుడు బలపడనూ వచ్చు, ఒకదాన్నొకటి చంపుకోనూ వచ్చు. నేల నుంచి వచ్చే కిరణం ఎంత శుద్ధంగా వస్తుందన్నది నేల ఎంత నున్నగా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది; ఎంతవరకు నున్నన అన్నదానికి రేలీ పేరిట ఒక పాత కొలబద్ద ఉంది. టవర్ ఎత్తు 40 మీటర్లు, ఫోను నేలకు మీటరున్నర ఎత్తున, రెంటి మధ్య దూరం 1 కి.మీ. అనుకుని ఆ కొలబద్ద వేస్తే, 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర పాతిక సెంటీమీటర్ల ఎత్తుపల్లాల వరకు నేల నున్ననిదే, ఆపైన గరుకు. కోత అయ్యాక మిగిలే మోళ్లు ఆ గీతకు కిందో, పక్కనో ఉంటాయి. ఆశ్వయుజంలో నిండా ఎదిగిన వరి దాన్ని దాటేసి నాలుగు రెట్ల దాకా పోతుంది. అదే 700 మెగాహెర్ట్జ్‌కైతే గీత 1.3 మీటర్ల దగ్గర ఉంటుంది కనుక పైరు ఉన్నా లేకున్నా దానికి నేల నున్నగానే తోస్తుంది. ఇది కాగితం మీది లెక్క. పైరు గట్టి గోడ కాదు, తరంగం కొంత లోపలికి చొచ్చుకుపోతుంది, గట్లు ఉంటాయి, చెట్లు ఉంటాయి. పొలంలో కొలిస్తే అంకెలు అటూ ఇటూ కావచ్చు. అయినా ఒక సంగతి గట్టిగానే చెబుతుంది: ఒకే టవర్, ఒకే ఫోను, ఒకే చోటు అయినా, ఎండాకాలంలో నేర్చిన పాఠం ఒక బ్యాండుకు ఆశ్వయుజంలోనూ చెల్లుతుంది, ఇంకో బ్యాండుకు చెల్లకపోవచ్చు. మోడల్‌కు మాత్రం పైరు కనబడదు. దానికి అందేవి సిగ్నల్ అంకెలే.

చోటు మారితే మోడళ్లు ఎంత తడబడతాయో చెప్పడానికి బాగా తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 2018లో చావో-కై వెన్, వాన్-టింగ్ షి, షి జిన్ అనే పరిశోధకులు సిఎస్ఐనెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్‌ను ప్రచురించారు. ఎక్కువ యాంటెనాలున్న టవర్‌కు పైన చెప్పిన 0–15 అంకె చాలదు. ఛానల్ పూర్తి చిత్రం కావాలి. ఆ చిత్రాన్ని ఫోను కుదించి పంపితే టవర్ విప్పుకునే పద్ధతి ఇది. చిత్రాన్ని నాలుగో వంతుకు కుదించినప్పుడు, కంప్యూటర్‌లో సృష్టించిన గది లోపలి ఛానల్ మీద దోషం -17.36 డెసిబెల్స్, అంటే అసలు శక్తిలో సుమారు 1.8 శాతం. అదే నిర్మాణాన్ని గ్రామీణ బయలు ఛానల్ కోసం విడిగా శిక్షణ ఇచ్చి పరీక్షిస్తే దోషం -8.75 డెసిబెల్స్, అంటే 13 శాతానికి పైనే. గమనించాలి, ఇక్కడ దానికి అన్యాయమేమీ జరగలేదు. బయలు కోసం బయలు డేటాతోనే నేర్పారు. అయినా ఏడు రెట్లు వెనకబడింది. ఒక చోట నేర్పి మరో చోట వాడితే ఏమవుతుందన్నది 3జిపిపి 2022, 2023లలో 18వ విడుదల కోసం చేసిన అధ్యయనంలో అనేక కంపెనీలు పరీక్షించిన ప్రశ్న. చోటు మారినప్పుడు పనితీరు పడిపోవడం అక్కడ పదేపదే కనిపించింది. ఆ అధ్యయనం మోడల్ నిర్మాణం దగ్గరే ఆగలేదు. దాన్ని ఎలా కనిపెట్టి ఉండాలి, ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు ఆపేసి పాత పద్ధతికి తిరిగిపోవాలి అన్న జీవితచక్ర నిర్వహణకూ చాలా పేజీలు కేటాయించింది. ఇంజనీర్లకు అసలు తలనొప్పి ఎక్కడుందో ఆ పేజీలే చెబుతున్నాయి.

తడబాటులోనూ రెండు రకాలున్నాయి, ఈ రెంటినీ కలగలిపితే మందు తప్పుతుంది. మోడల్ ఎన్నడూ చూడని రకం సిగ్నల్ రావడం ఒకటి. చూసిన రకమే వచ్చినా, దానికి సరైన జవాబు మారిపోవడం రెండోది. మొదటిదాన్ని సిగ్నల్ చూసి పట్టుకోవచ్చు. రెండోదాన్ని ఫలితం చూస్తే తప్ప పట్టుకోలేం: అదే సిగ్నల్ బలం, అదే అంకె, కానీ నిన్న చదవగలిగిన ప్యాకెట్ నేడు పాడవుతోంది, ఎందుకంటే పక్క టవర్‌కు కొత్త రద్దీ వచ్చింది. ఆరంగ్‌లో మొదటి రకానికి పైరు ఉదాహరణ, రెండో రకానికి ధాన్యం కొనుగోళ్లు. ఛత్తీస్‌గఢ్ రైతులు వరి అమ్ముకోవడానికి ఫోనులోనే టోకెన్ తీసుకునే ఏర్పాటు ఉంది. కొనుగోళ్లు మొదలయ్యే నవంబరు, కోతలు సాగే నవంబరు ఒకటే. అంటే నేల ముఖం మారడం, రద్దీ తీరు మారడం జంటగా వస్తాయి. మోడల్ తప్పులు పెరిగాయని తెలుస్తుంది, ఎందుకు పెరిగాయో తెలియదు.

ఇక కొలతల సంగతి. ఎన్ని కొలతలుంటే ఎంత కచ్చితంగా తెలుసుకోగలమో చెప్పే హద్దును గీసినవాడు మనవాడే. బళ్లారి జిల్లా హడగళిలో తెలుగు కుటుంబంలో 1920లో పుట్టి, వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1945లో, దాదాపు పాతికేళ్ల వయసులో, కలకత్తా గణిత సంఘం పత్రికలో ప్రచురించిన వ్యాసంలో అది ఉంది. స్వీడన్‌కు చెందిన హరాల్డ్ క్రామర్ కూడా విడిగా కనుక్కోవడంతో దాన్ని క్రామర్-రావు హద్దు అంటారు. ఎంత తెలివైన పద్ధతి వాడినా, పక్షపాతం లేని అంచనాలోని దోషం ఒక మేరకన్నా తగ్గదు, ఆ మేర కొలతల సంఖ్యను బట్టి ఉంటుంది అన్నది దాని సారం. వైర్‌లెస్ ఇంజనీర్లకు ఇది నిత్యం చేతిలో ఉండే పనిముట్టు. పల్లె ప్రాంతపు ప్రామాణిక నమూనాలో, టవర్ కంటికి కనిపించని చోట్ల సిగ్నల్ బలం సగటు చుట్టూ 8 డెసిబెల్స్ మేర చెదిరి ఉంటుందని రాసుకున్నారు. ఆ సగటును ఒక డెసిబెల్ కచ్చితంతో తెలుసుకోవాలంటే 64 విడివిడి కొలతలు కావాలి. పక్కపక్కన తీసుకున్నవి విడి కొలతలు కావు; ఒకే చెట్టు చాటున రెండుసార్లు కొలిస్తే కొత్తగా తెలిసేదేమీ లేదు. అదే నమూనా ప్రకారం ఒక కొలతకూ మరోదానికీ సుమారు 120 మీటర్ల ఎడం ఉండాలి. అరవై నాలుగింటికి 7.7 కి.మీ. దారి అవుతుంది. రైలుకు అది మూడున్నర నిమిషాలు. గట్టు మీద నడిచే మనిషికి రెండున్నర గంటలు, అది కూడా ఎక్కడా ఆగకుండా, తిన్నగా నడిస్తే. ఇదంతా ఒకే ఒక్క అంకె కోసం!

లక్షల అంకెలున్న మోడల్‌ను ఆ పల్లె కొలతలతో తిరిగి నేర్పాలనుకోవడం ఎందుకు కుదరదో ఇక్కడే తెలుస్తుంది. కొలతలు పోగయ్యేదాకా ఆగితే పరిస్థితి మారిపోతుంది. ఆగకపోతే హద్దు ఒప్పుకోదు. ఉన్న కొద్దిపాటి డేటాను మోడల్ బట్టీ కొట్టేస్తుంది కూడా. పైగా 1989లో మైకేల్ మెక్‌లోస్కీ, నీల్ కోహెన్ చూపించినట్టు, న్యూరల్ నెట్‌వర్క్‌కు కొత్త పాఠం గట్టిగా చెబితే పాత పాఠాన్ని అమాంతం మరచిపోతుంది. చేయగలిగింది ఒకటుంది: వీణ మెట్లను కదపకుండా బిరడాలు తిప్పి శ్రుతి సరిచూసుకున్నట్టు, మోడల్ ప్రధాన భాగాన్ని స్థిరంగా ఉంచి, చివర్న కొన్ని అంకెలను మాత్రం స్థానికంగా సవరించడం. ఎక్కడెక్కడి డేటాతోనో ముందు నేర్చుకున్నది తరంగాల భౌతిక ధర్మం. అది ఆరంగ్‌లోనూ మారదు. మారేవి ఈ సెల్‌కు తగిన సగటు నష్టం, దూరంతో అది పెరిగే రేటు, ఈ నెల రద్దీ — పది పన్నెండు అంకెలు. పదికి చాలినన్ని కొలతలు ఒక పల్లె సెల్‌లో కొన్ని రోజుల్లో పోగవుతాయని ఆశించవచ్చు. 2017లో చెల్సీ ఫిన్, పీటర్ అబీల్, సెర్గీ లెవిన్ ప్రతిపాదించిన ఎంఎఎంఎల్ పద్ధతి ఉద్దేశం కూడా ఇదే తోవలో ఉంటుంది: మోడల్‌ను ఏ ఒక్క పనికీ పూర్తిగా తగ్గట్టు కాక, నాలుగు ఉదాహరణలతో ఏ పనికైనా ఒదిగే స్థితిలో ముందే నిలబెట్టడం.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ బలమైనదే. ‘దేశంలోని అన్ని సెల్‌ల డేటానూ కలిపి ఒక్క మహా మోడల్‌కు నేర్పితే, ఆరంగ్ పొలం కూడా అందులో ఉంటుంది కదా, సవరణ దేనికి?’ కొంత నిజముంది. 3జిపిపి అధ్యయనంలో కూడా రకరకాల పరిస్థితుల డేటా కలిపి నేర్పినప్పుడు పోయిన పనితీరులో చాలా భాగం తిరిగి వచ్చింది. దాన్ని కాదనలేం, కాదనకూడదు. కాకపోతే రెండు మెలికలున్నాయి. కలిపిన డేటాలో ఎవరి వాటా ఎంత? ఫోన్లు ఎక్కువున్న చోటే డేటా ఎక్కువ. ఇండోర్ వీధులు కోటి సార్లు మాట్లాడితే ఆరంగ్ గట్లు ఏ వెయ్యి సార్లో మాట్లాడతాయి, శిక్షణలో మోడల్ ఎవరి మాట వింటుందో వేరే చెప్పనక్కరలేదు. రెండో మెలిక ఇంకా లోతైనది. ఒకే సిగ్నల్‌కు రెండు చోట్ల రెండు సరైన జవాబులున్నప్పుడు ఎంత డేటా కలిపినా మోడల్ రెంటికీ మధ్యన ఏదో ఒకటి చెబుతుంది, రెండు చోట్లా కొంచెం తప్పుగా. ఆ సందిగ్ధం తీరాలంటే ‘నువ్వు ఎక్కడున్నావు, ఇది ఏ నెల’ అని దానికి వేరుగా చెప్పాలి. ఆ చెప్పడమే స్థానిక సవరణ.

రెండో ఆక్షేపణ దీనికి అవతలి కొస నుంచి వస్తుంది: నేర్చుకోవడాన్ని ఆపనే వద్దు, ప్రతి ప్యాకెట్ నుంచీ నేర్చుకుంటూ పొమ్మందాం. వినడానికి బాగుంటుంది. చిక్కేమిటంటే మోడల్ తాను ఎంచుకున్న వేగాల ఫలితాలనే చూస్తుంది, ఎంచుకోనివి ఏమయ్యేవో దానికి తెలియదు. ఒకసారి భయపడి వేగం తగ్గించిందంటే, తగ్గించిన వేగంలో అన్నీ సవ్యంగా అందుతుంటే, తన భయం సరైనదేనని నమ్ముతుంది. దీన్ని తప్పించడానికి అప్పుడప్పుడు తెలిసీ తెగించి చూడాలి. లైనక్స్‌లో వై-ఫై వేగాన్ని ఎంచే మిన్‌స్ట్రెల్ అనే పద్ధతి పదో వంతు ప్యాకెట్లను ఇలాంటి ప్రయోగాలకే ఖర్చుపెట్టేలా రూపొందింది. ఇంట్లో పుష్కలంగా నడిచే వై-ఫైకి ఆ పదో వంతు లెక్కలోది కాదు. సెల్ అంచున, రెండు గీతల సిగ్నల్‌తో, అప్పుడప్పుడు మాత్రమే మాట్లాడే ఫోనుకు ఆ ఖర్చు బరువే. బలహీనుడి మీద ప్రయోగాలు చేసి బలవంతుడికి పనికొచ్చే జ్ఞానం పోగుచేయడం ఇందులో దాగివున్న అన్యాయం. సాంకేతిక పత్రాలు దీన్ని ‘అన్వేషణ వ్యయం’ అనే మర్యాదైన పేరుతో పిలుస్తాయి.

అసలు మెషీన్ లెర్నింగ్ ఎందుకు, పాత పద్ధతి చాలదా అని మూడోవారు అడుగుతారు. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆక్షేపణ, ఎందుకంటే పాత పద్ధతి నిజంగా చక్కనిది. పది ప్యాకెట్లలో ఒకటికి మించి పాడవకూడదన్న గురి పెట్టుకుని, ప్యాకెట్ పాడైనప్పుడల్లా అంచనాను ఒక డెసిబెల్ తగ్గిస్తారు, అందినప్పుడల్లా డెసిబెల్‌లో తొమ్మిదో వంతు పెంచుతారు. అంతే. శిక్షణ లేదు, డేటా నిల్వ లేదు, ఏ ఊళ్లో పెట్టినా కాలక్రమాన సరైన చోటికి వచ్చి నిలబడుతుంది. లోపం ఆ ‘కాలక్రమాన’లోనే ఉంది. మొదటి అంచనా 5 డెసిబెల్స్ తక్కువగా ఉంటే, అది సరిదిద్దుకోవడానికి వరసగా 45 ప్యాకెట్లు అందాలి. సినిమా చూసేవాడికి అది రెప్పపాటు. ఎరువుల కొట్టులో నిలబడి యుపిఐతో డబ్బు కట్టేవాడికి నడిచే సమాచారమే స్వల్పం. సర్దుబాటు దారిలో ఉండగానే పని ముగిసిపోవచ్చు, మరుసటి చెల్లింపుకు మళ్లీ మొదటి నుంచి. కాబట్టి మోడల్ చేయాల్సింది పాత పద్ధతిని తోసివేయడం కాదు, దానికి మంచి తొలి అంకెను అందించడం. ఈ సెల్‌లో, ఈ బ్యాండు మీద, ఈ నెలలో, ఇలాంటి ఫోన్లకు సగటున ఎంత సవరణ అవసరమయిందో చెబితే చాలు, మిల్లీసెకన్ల పనిని ఆ చిన్న లెక్క చూసుకుంటుంది. మొబైల్ నెట్‌వర్క్‌లకు ప్రమాణాలు రాసే ఓ-రాన్ కూటమి నిర్మాణంలో 10 మిల్లీసెకన్ల నుంచి ఒక సెకను దాకా పట్టే నిర్ణయాలకు ఒక నియంత్రణ కేంద్రాన్నీ, సెకను మించిన వాటికి ఇంకో కేంద్రాన్నీ విడదీయడంలో ఉన్న వివేకం ఇలాంటిదే. ఒక్కో గడియారానికి ఒక్కో కాపలాదారు.

ఇక మిగిలింది, మోడల్ తన తొలి అంకెను తానే నమ్మకూడని రోజును ఎలా గుర్తుపడుతుందన్నది. దీనికి కావలసిన పనిముట్లు కొత్తవేమీ కావు. చూడని రకం సిగ్నల్ వచ్చిందా అని కొలవడానికి ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1936లో ఇచ్చిన దూరపు కొలత నేటికీ పనిచేస్తోంది. ఆయన కలకత్తాలో నెలకొల్పిన సంస్థలోనే రావు ఎదిగాడు. ఫలితాలు పక్కదారి పట్టాయా అని పట్టుకోవడానికి 1954లో ఇ.ఎస్. పేజ్ కర్మాగారాల నాణ్యత తనిఖీ కోసం రాసిన లెక్క ఉంది: చిన్నచిన్న తేడాలను కూడుకుంటూ పోయి, మొత్తం ఒక గీత దాటగానే గంట కొడుతుంది. మొదటిది పైరు మార్పును పట్టాలి, రెండోది రద్దీ మార్పును పట్టాలి. గంట మోగినప్పుడు మోడల్‌ను పక్కనపెట్టి పాత పద్ధతికి జారిపోవడం ఓటమేమీ కాదు. 3జిపిపి పత్రాల్లో దానికి ప్రత్యేకంగా చోటుంది. అయితే గీతను ఎక్కడ గీయాలన్నది మళ్లీ డేటా ప్రశ్నే. దగ్గరగా గీస్తే పల్లె సెల్‌లో, కొలతలు తక్కువ కాబట్టి, ఉత్తుత్తి గంటలు మోగుతాయి. దూరంగా గీస్తే గంట మోగేసరికి కోతలు అయిపోతాయి.

ఆరంగ్‌కు కొరత యంత్రాలది కాదు. కృత్రిమ మేధ కోసమని ప్రత్యేకంగా ఒక డేటా కేంద్ర సముదాయానికి 2025 మే నెలలో నవా రాయపూర్‌లోనే శంకుస్థాపన జరిగింది. ఐఐఐటి నవా రాయపూర్ 2015 నుంచి అక్కడే ఉంది. కొరతగా ఉన్నవి పొలాల మీది కొలతలు. రైలు పట్టాల వెంటైతే కొలతలు తేలిగ్గా వస్తాయి. న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన ఎం.వి.ఎస్.ఎన్. ప్రసాద్, ఆయన సహచరులు దేశంలోని పలు ప్రాంతాల్లో రైలు రేడియోల సాయంతో సిగ్నల్ నష్టాన్ని కొలిచి, పరదేశపు సూత్రాలతో పోల్చి చూసిన పని మెషీన్ లెర్నింగ్ సందడికి చాలా ముందే అచ్చయింది. ఇప్పుడు 2024 సెప్టెంబరులో మొదలైన దుర్గ్–విశాఖపట్నం వందే భారత్‌తో సహా ఆరంగ్ మీదుగా పోయే ప్రతి రైలూ వందల ఫోన్లను మోసుకుపోతోంది. ఫోన్లే కొలతలు పంపే వెసులుబాటు 3జిపిపి 10వ విడుదల నుంచే ప్రమాణాల్లో ఉంది. కానీ ఆ కొలతలన్నీ పట్టాల వెంట సన్నటి గీత మీదివి, ఇనుప పెట్టె లోపలివి, ఒక మిల్లీసెకను గడియారం మీద నడిచేవి. వాటితో సరిచేసిన మోడల్ రైలు ప్రయాణికుడికి బాగా తెలిసిపోతుంది, కిలోమీటరు అవతలి రైతుకు అలాగే అపరిచితంగా ఉంటుంది. రైతు ఫోను నుంచి కొలతలు కావాలంటే అతని ఉనికి కూడా వాటితో పాటే వస్తుంది; 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్టిలో అనుమతి అడగడం మర్యాద మాత్రమే కాదు, బాధ్యత కూడా. అడిగేటప్పుడు ఎక్కువ అడగనక్కరలేదు. ఒకే దారులు, ఒకే ఎత్తు, రెండు బ్యాండులు, పైరు నిలబడి ఉన్న అక్టోబరులో ఒకసారి, కోతయ్యాక కొనుగోళ్లు సాగుతుండగా డిసెంబరులో ఒకసారి, కొనుగోళ్లు ముగిసి పొలం బీడుగా ఉన్న మార్చిలో ఇంకోసారి కొలిస్తే, నేల వల్ల వచ్చిన తేడా ఎంత, రద్దీ వల్ల వచ్చింది ఎంత అని విడదీయడానికి ఆ మూడు వరసలు చాలు. రెండే కొలిస్తే విడదీయలేం.